పక్క ఊరు చూసుకుంటుందిలే అనేవాళ్ళ మాట వినకండి

సియాటెల్‌కి తూర్పున, లేక్ వాషింగ్టన్ అవతల, బెల్‌వ్యూ, కిర్క్‌లాండ్, రెడ్‌మండ్, బోతెల్, సమామిష్, ఇసాక్వా అని వరసగా ఊళ్ళుంటాయి. బోర్డు చూస్తే తప్ప ఏ ఊరు ఎక్కడ అయిపోయిందో తెలియదు. మైక్రోసాఫ్ట్‌లోనో, మరో కంపెనీలోనో ఉద్యోగాలకని వచ్చిన తెలుగువాళ్ళం ఈ ఊళ్ళన్నిటా ఇళ్ళు కొనుక్కుని ఉంటున్నాం. కొన్న కొన్నాళ్ళకి ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో కబురు పెడతారు. మన దగ్గర ఇళ్ళులేనివాళ్ళకి బిల్డింగ్ కడతారట, సిటీ కౌన్సిల్లో హియరింగ్ ఉందట, అందరూ వచ్చి వద్దని చెప్పాలట. ఆ కబురు వెంటే సలహాలు మొదలవుతాయి.

సలహాలిచ్చేవాళ్ళు పరాయివాళ్ళు కారు, మన పిల్లల క్లాస్‌మేట్ల అమ్మానాన్నలే. పిల్లలు నడిచే దారి గురించి, ముప్ఫై ఏళ్ళ అప్పు పెట్టి కొన్న ఇంటి గురించి భయం కొద్దీ చెప్తారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ తప్పు సలహా తప్పు సలహాయే. ఈ ఊళ్ళు ఇళ్ళులేనివాళ్ళ కోసం డబ్బు ఎలా పోగుచేస్తున్నాయో, పని ఎలా పంచుకుంటున్నాయో తెలిసినవాళ్ళు ఆ మాటలు నమ్మలేరు. అందుకే తరచుగా చెవిన పడేవాటిని ఇక్కడ పెడుతున్నాను. ఎందుకు వినకూడదో, వినకుండా ఏం చేయాలో కూడా చెప్తాను.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇది: "అది సియాటెల్ సమస్యండీ, వాళ్ళు చూసుకుంటారు."

సియాటెల్, ఈ తూర్పు ఊళ్ళు, దక్షిణాన ఉన్న రెంటన్, కెంట్, బురియన్ అన్నీ కింగ్ కౌంటీలోవే (బోతెల్ కొంత పక్క కౌంటీలోకీ వెళ్తుంది). ఒక రాత్రికి ఈ కౌంటీలో ఇల్లు లేకుండా ఉన్నవాళ్ళు 2022 అంచనాలో 13,368 మంది. 2024 అంచనాలో 16 వేలు దాటారు. వీళ్ళు సియాటెల్ వీధుల్లో ఎక్కువగా కనిపిస్తారు, నిజమే. షెల్టర్లు, ఉచిత క్లినిక్కులు, రాత్రి తిరిగే బస్సులు అక్కడున్నాయి కాబట్టి కనిపిస్తారు. ఇసాక్వాలో అద్దె పెరిగి, ఇల్లు ఖాళీ చేసి, కొన్నాళ్ళు కార్లో పడుకుని, ఆ కారు కూడా పోయాక మంచం కోసం సియాటెల్ వెళ్ళిన మనిషిని అందరూ సియాటెల్ మనిషే అంటారు. ఆ మనిషి ఉద్యోగం ఇసాక్వాలో, పిల్లల బడి ఇసాక్వాలో, మందుల చీటీ ఉన్న ఫార్మసీ ఇసాక్వాలో. మంచం ఒక్కటే వంతెన అవతల దొరికితే మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా చేజారిపోతాయి.

ఈ సంగతి తూర్పు ఊళ్ళకి చాలా ఏళ్ళ కిందటే తెలిసింది. అందుకే మూడు ఊళ్ళు ఒక ఒప్పందానికి వచ్చాయి. ఒంటరి మగవాళ్ళ షెల్టర్ బెల్‌వ్యూలో, ఆడవాళ్ళకీ పిల్లలున్న కుటుంబాలకీ కిర్క్‌లాండ్‌లో, పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ళలోపు యువతకి రెడ్‌మండ్‌లో. ఏ ఊరూ మొత్తం భారం మోయక్కర్లేదు, ఏ ఊరూ తప్పించుకోనూ లేదు. ఈ కౌంటీలో జరిగిన మంచి పనులు లెక్కపెట్టమంటే నేను దీన్నే మొదట చెప్తాను. మగవాళ్ళ షెల్టర్ మాకు వద్దు అని బెల్‌వ్యూ అంటే, కుటుంబాలని తీసుకున్న కిర్క్‌లాండ్ ముఖం చూడలేకపోతుంది. ఎవరి వంతు ఏమిటో ముందే తెలిసి ఉండటంలో ఉన్న బలం అది.

ఆ బలం చాలా పరీక్షలకి నిలబడాల్సి వచ్చింది. రెడ్‌మండ్ యువత షెల్టర్ ముందునుంచీ ఉంది. కిర్క్‌లాండ్‌లో దాదాపు వంద మందికి చోటున్న భవనం 2020లో తెరిచారు. బెల్‌వ్యూలో మాత్రం ఈస్ట్‌గేట్ దగ్గర షెల్టర్ పెడతామని 2016లో అన్నప్పటినుంచి గొడవే. కాలేజీ దగ్గర అన్నారు, పార్కు దగ్గర అన్నారు, కౌన్సిల్ హాలు నిండిపోయేలా వచ్చి వద్దన్నారు. చివరికి 2023లో అదే ఈస్ట్‌గేట్‌లో వంద పడకలతో తలుపులు తెరుచుకున్నాయి. పక్కనే ఏళ్ళ తరబడి వీధిలో ఉన్నవాళ్ళ కోసం శాశ్వత నివాసాలు, ఆ పక్కన తక్కువ ఆదాయం వాళ్ళు అద్దెకుండే అపార్ట్‌మెంట్లు వచ్చాయి. షెల్టర్‌లో మంచం దొరికిన మనిషికి తర్వాతి మెట్టు అదే ఆవరణలో కనబడాలన్నది దాని ఉద్దేశం. ఈ ఏర్పాటుకి బెల్‌వ్యూ ఏడేళ్ళు తీసుకుంది. ఆ ఏడు చలికాలాలు ఎవరు ఎక్కడ గడిపారో మనలో ఎవరమూ అడగలేదు.

చిన్న ఊళ్ళ సంగతేమిటని అడుగుతారు. మెడీనా, క్లైడ్ హిల్, హంట్స్ పాయింట్ లాంటివి నాలుగు వీధులంతే, షెల్టర్‌కి స్థలం ఉండదు. అలాంటి ఊళ్ళకి 1992లో పుట్టిన ఆర్చ్ అనే కూటమి ఉంది. తూర్పు ఊళ్ళూ, కౌంటీ కలిసి ఒక గృహనిర్మాణ నిధి పెట్టుకున్నాయి. ప్రపంచ కుబేరుల ఇళ్ళున్న మెడీనా కూడా అందులో సభ్యురాలే. స్థలం లేని ఊరు డబ్బిస్తుంది, స్థలం ఉన్న ఊళ్ళో ఇల్లు లేస్తుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా నడుస్తున్న ఈ పద్ధతి గురించి మన గ్రూపుల్లో ఒక్క మెసేజ్ కూడా నాకు కనపడలేదు.

రెండో సలహా వినడానికి బలంగా ఉంటుంది: "అందరం కలిసి గట్టిగా వద్దంటే ఆగిపోతుంది."

ఆగదు, పక్క ఊరికి వెళ్తుంది. 2024 జనవరిలో ఏం జరిగిందో చూడండి. కెన్‌మోర్ అనే చిన్న ఊళ్ళో, ఇల్లు లేకుండా ఉన్న వృద్ధులకీ, మాజీ సైనికులకీ, వికలాంగులకీ వంద అపార్ట్‌మెంట్లు కట్టాలని ప్లిమత్ హౌసింగ్ అనే సంస్థ చాలాకాలం పనిచేసింది. సిటీ స్థలం ఇస్తానంది, కౌంటీ, ఆర్చ్, రాష్ట్రం డబ్బు కేటాయించాయి. తీరా ఒప్పందం కౌన్సిల్ ముందుకి వచ్చేసరికి నాలుగు–మూడు ఓట్లతో వద్దన్నారు. పోగుచేసిన డబ్బు చేజారిపోయే ప్రమాదం వచ్చింది. వారాలు తిరక్కుండా రెడ్‌మండ్ ముందుకొచ్చి, డౌన్‌టౌన్‌లో లైట్ రైల్ స్టేషన్ దాపున తన స్థలం ఇస్తానంది. రెడ్‌మండ్ కౌన్సిల్ హాల్లో గంటల తరబడి సాగిన వాదనల్లో మనవాళ్ళ గొంతులు చాలా వినిపించాయి, ఎక్కువగా వద్దంటూనే.

అక్కడ ఒక మాట పదేపదే వచ్చింది: మాకు ముందుగా ఎందుకు చెప్పలేదు? ఇది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కెన్‌మోర్‌లో ఉంది. రెడ్‌మండ్‌కి తొందరపడాల్సిన అవసరం కెన్‌మోర్ వెనక్కి తగ్గినందువల్ల వచ్చింది. పొరుగూరు వద్దంటే మన ఊరికి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. వద్దని సంతకాలు పెట్టేముందు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మీరు కాదన్నదాన్ని ఎక్కడో ఒక ఊళ్ళో ఇంకొకరు హడావిడిగా ఒప్పుకోవాల్సి వస్తుంది, లేదా వంద మంది వీధిలోనే ఉండిపోతారు. మూడో దారి లేదు.

ఇక్కడ అధికారులకి అందే తప్పు సలహా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అదీ సమానంగా చేటు చేసింది: "ముందు చెప్తే గొడవ చేస్తారు, పని అయ్యాక చెప్దాం."

2020 ఏప్రిల్‌లో కోవిడ్ భయంతో కౌంటీ సియాటెల్‌లోని షెల్టర్‌లో ఇరుకుగా పడుకునే రెండు వందల మందికి పైగా జనాన్ని రెంటన్‌లోని ఒక హోటల్‌కి మార్చింది. ఉద్దేశం మంచిదే. వాళ్ళకి అది మేలు చేసింది కూడా. ఒక్కొక్కరికి ఒక గది, తలుపుకి తాళం, వేళకి నిద్ర. షెల్టర్లనుంచి హోటళ్ళకి మారినవాళ్ళ మీద జరిగిన పరిశీలనలో కొట్లాటలు తగ్గాయని, శాశ్వత ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు పెరిగారని తేలింది. కానీ రెంటన్‌ని భాగస్వామిగా కూర్చోబెట్టుకోలేదు. అత్యవసర ఫోన్లు పెరిగాయని, చుట్టూ దుకాణాలకి ఇబ్బందని రెంటన్ గట్టిగా ఎదురుతిరిగింది. జోనింగ్ ఉల్లంఘన అని నోటీసిచ్చింది. ఆ డిసెంబర్‌లో ఆ హోటల్ షెల్టర్‌ని దశలవారీగా ముగించే ఆర్డినెన్స్ తెచ్చింది. రెంటన్ చేసింది నాకు నచ్చదు. కానీ పోలీసు, ఫైర్ ఖర్చు ఎవరిది, ఎన్నాళ్ళు, రాత్రి పూట సమస్య వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి కాగితం మీద రాసుకోకుండా పక్క ఊరికి మనుషుల్ని పంపితే ఏ ఊరైనా అలాగే తిరగబడుతుంది. ఉత్తరాన షోర్‌లైన్‌లో మూతపడిన నర్సింగ్ హోమ్‌ని 2021లో షెల్టర్‌గా మార్చినప్పుడు పని నిలబడిందంటే, చుట్టుపక్కల చిన్న ఊళ్ళు ఇది మా అందరి షెల్టర్ అని ఒప్పుకోవడం దానికి ఆసరా అయింది.

ఇప్పుడు డబ్బు. "మన పన్ను మన ఊళ్ళోనే ఖర్చుపెట్టాలి" అనే సలహాకి ఎవరైనా తల ఊపుతారు. కాస్త లోపలికి వెళ్ళి చూద్దాం.

వాషింగ్టన్ రాష్ట్రంలో జీతాల మీద ఇన్‌కమ్ టాక్స్ లేదు. ప్రాపర్టీ టాక్స్ రాబడిని, కొత్త కట్టడాల సంగతి పక్కన పెడితే, ఓటర్ల అనుమతి లేకుండా ఏటా ఒక శాతం కంటే పెంచుకోవడానికి ఊళ్ళకి వీల్లేదు. ధరలు మూడు నాలుగు శాతం పెరుగుతుంటే ఖజానా ఒక శాతం పెరుగుతుంది. కాబట్టి కొత్త ఖర్చుకి ముఖ్యంగా మిగిలింది సేల్స్ టాక్స్. 2020లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఓటింగ్ పెట్టకుండానే కౌంటీ గానీ సిటీ గానీ 0.1 శాతం సేల్స్ టాక్స్ వేసి, ఇళ్ళులేనివాళ్ళకీ తక్కువ ఆదాయం వాళ్ళకీ వసతి కోసం వాడుకోవచ్చు. అంటే పది డాలర్ల సరుకు మీద ఒక సెంటు. కింగ్ కౌంటీ ఆ పన్ను వేసి, పాత హోటళ్ళు కొని, అత్యవసర నివాసాలుగా, శాశ్వత నివాసాలుగా మారుస్తానంది. కౌంటీ ఓటు వేసేలోపు తామే వేసేసుకుంటే ఆ డబ్బు తమ దగ్గరే ఉంటుందని కొన్ని ఊళ్ళు గబగబా ఆర్డినెన్సులు చేసుకున్నాయి. బెల్‌వ్యూ, ఇసాక్వా, రెంటన్, కెంట్ వాటిలో ఉన్నాయి.

అలా చేసుకున్న ఊళ్ళన్నీ స్వార్థంతో చేశాయనను. బెల్‌వ్యూ లాంటి పెద్ద ఊరికి వచ్చే డబ్బుతో నిజంగా ఇళ్ళు కట్టవచ్చు. ఇబ్బంది చిన్న ఊళ్ళది. చిన్న ఊరికి ఈ పన్ను మీద ఏడాదికి వచ్చే రాబడితో హోటల్ కొనలేరు, దాన్ని నడిపే ఇరవై నాలుగ్గంటల సిబ్బందికి జీతాలివ్వలేరు. చిన్న చిన్న చెక్కుల్లో కొంత, సర్వేల్లో కొంత, కన్సల్టెంట్ నివేదికల్లో కొంత కరిగిపోతుంది. అదే డబ్బు పొరుగు ఊరి డబ్బుతో కలిస్తే ఒక భవనం అవుతుంది. పన్ను మన ఊళ్ళోనే ఉండాలని వాదించేవాళ్ళని ఒక్కటి అడగండి: ఆ పన్నుతో మన ఊళ్ళో ఇప్పటిదాకా ఎన్ని తలుపులు తెరిచారు? జవాబు రాకపోతే కలిపే నిధిలో వెయ్యమనండి.

ఇళ్ళులేనివాళ్ళ కోసం వచ్చే ఫెడరల్ డబ్బులో ముఖ్యమైన భాగం ఊళ్ళవారీగా రాదు. ఫెడరల్ హౌసింగ్ శాఖ ఇళ్ళులేనివాళ్ళ కోసం పోటీ మీద ఇచ్చే గ్రాంట్లకి సియాటెల్, కింగ్ కౌంటీ మొత్తం కలిపి ఒకే అప్లికేషన్. బెల్‌వ్యూ పరిధిలో పని దెబ్బతింటే ఆ అప్లికేషన్‌కి వచ్చే మార్కులు కౌంటీ అంతటికీ తగ్గుతాయి.

కలిపే పద్ధతి వల్ల మనకి కనపడని మేలు ఇంకొకటుంది. ఒక సేవాసంస్థ ఆరు ఊళ్ళలో పనిచేస్తుందనుకోండి. ఇదివరకు ఆరు ఊళ్ళకి ఆరు అప్లికేషన్లు, ఆరు కాంట్రాక్టులు, మూణ్ణెల్లకోసారి ఆరు రకాల రిపోర్టులు. ఒక ఊరు వచ్చినవాళ్ళ వయసులు అడిగితే, ఇంకో ఊరు తన జిప్‌కోడ్ వాళ్ళు ఎందరో విడదీసి చెప్పమంటుంది. రాత్రంతా షెల్టర్ నడిపిన మనిషి పొద్దున్న కూర్చుని, పడుకుని వెళ్ళిన నలభై మందినీ ఊళ్ళవారీగా పంచాలి. కార్లో ఉండే మనిషికి ఏ జిప్‌కోడ్ రాయాలి? కౌంటీలో చాలా ఊళ్ళు ఇప్పుడు ఒకే అప్లికేషన్ తీసుకుంటున్నాయి, తూర్పున కొన్ని ఊళ్ళ వాటాలు కలిపి ఒక్క కాంట్రాక్టుగా నడుపుతున్నారు. మీ ఊరు అందులో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అడగండి. దీనికి కొత్త డబ్బు ఒక్క డాలర్ కూడా అక్కర్లేదు.

"షెల్టర్ పెడితే పక్క ఊళ్ళవాళ్ళందరూ ఇక్కడికే వస్తారు" అనేది ఇంకో సలహా. సమామిష్‌లో షెల్టర్ లేదు, బెల్‌వ్యూలో ఉంది కాబట్టి సమామిష్ మనిషి బెల్‌వ్యూకి వెళ్తాడు, నిజమే. మరి దీనికి మందు బెల్‌వ్యూ షెల్టర్ మూసేయడమా, సమామిష్ కూడా తన వంతు తీసుకోవడమా? ఒక్కచోటే ఉన్నప్పుడే అందరూ అక్కడికి వెళ్తారు. ఇక దేశంలో ఎక్కడెక్కడినుంచో మన సౌకర్యాల కోసం వస్తారన్నదానికి జవాబు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ ప్రొఫెసర్ గ్రెగ్ కోల్‌బర్న్, తన సహరచయితతో కలిసి 2022లో రాసిన పుస్తకంలో ఉంది. మత్తుమందుల వాడకం, పేదరికం ఎక్కువున్న ఊళ్ళన్నిటిలో ఇళ్ళులేనివాళ్ళు ఎక్కువ లేరు. అద్దెలు ఎక్కువై, ఖాళీ ఇళ్ళు తక్కువున్న ఊళ్ళలోనే ఎక్కువున్నారని దేశంలోని నగరాలని పోల్చి చూపించారు. ఇక్కడి అద్దెలు పెరగడంలో మన జీతాల పాత్ర కూడా ఉంది. అందుకు సిగ్గుపడమని అనను. బాధ్యత ఉందంటాను.

"టెంట్లు తీయించేస్తే వాళ్ళే పోతారు." ఇది బురియన్ ప్రయత్నించింది. 2023 మార్చిలో సిటీ హాలు, లైబ్రరీ ఉన్న ఆవరణలోనుంచి టెంట్లు తీయించారు. టెంట్లు ఒక వీధి అవతల సిటీ స్థలంలోకి చేరాయి. సిటీ ఆ స్థలాన్ని కుక్కల సంరక్షణ సంస్థకి లీజుకిచ్చింది. జూన్ మొదట్లో మళ్ళీ లేపారు, మళ్ళీ ఇంకోచోటికి. అదే నెలలో కౌంటీ పది లక్షల డాలర్లు, ముప్ఫై అయిదు చిన్న క్యాబిన్లు ఇస్తాను, స్థలం చూపించండి చాలంది. ఆ స్థలం ఏదన్న దానిమీద కౌన్సిల్ నెలల తరబడి తగవులాడుకుంది. తర్వాత క్యాంపింగ్ నిషేధం తెస్తే, బురియన్‌కి పోలీసుల్ని పంపే కౌంటీ షెరిఫ్ ఆఫీసు, అది రాజ్యాంగానికి సరిపోతుందో లేదో తేలాకే అమలుచేస్తామని 2024లో కోర్టుకెళ్ళింది. ఆ జూన్ 28న గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు ఆరు–మూడు తీర్పుతో, బయట పడుకున్నవాళ్ళకి జరిమానా వేయడం క్రూరమైన శిక్ష కిందికి రాదంది. ఊళ్ళకి అధికారం ఉందని కోర్టు చెప్పింది. ఆ అధికారం వాడితే జనానికి ఇల్లు దొరుకుతుందని చెప్పలేదు. జరిమానా కట్టలేనివాడిని జైల్లో పెడితే రోజుకింతని సిటీయే కట్టాలి. బయటికొచ్చాక అతని పేరు మీద కేసు ఉంటుంది, ఆ కేసు చూసి ఏ ఇంటివాడూ అద్దెకివ్వడు. పార్కు ఖాళీ అవుతుంది, పక్క ఊరి పార్కు నిండుతుంది. ఈ వేసవికి మనం పంపితే వచ్చే వేసవికి వాళ్ళు పంపుతారు.

చదువుకున్నవాళ్ళు ఇష్టపడే సలహా వేరే ఉంది: "ఇన్ని ఊళ్ళు, ఇన్ని ఆఫీసులు ఎందుకు? ఒక పెద్ద సంస్థ పెట్టి అప్పగించేస్తే సరి." నాకూ ఈ మాట మీద గౌరవముంది. కింగ్ కౌంటీ అదే చేసింది. 2019 డిసెంబర్‌లో సియాటెల్, కౌంటీ సంతకాలు చేసి రీజినల్ హోమ్‌లెస్‌నెస్ అథారిటీ పెట్టాయి. ఏం జరిగింది? స్థానికంగా వచ్చే డబ్బు దాదాపు అంతా ఆ రెండే ఇచ్చాయి. మిగతా ఊళ్ళకి బోర్డులో కుర్చీలిచ్చారు కానీ ఇంత కట్టాలన్న షరతు పెట్టలేదు. అథారిటీకి సొంతంగా పన్ను వేసే హక్కు లేదు. అంటే బాధ్యత కొండంత, చేతిలో ఏమీ లేదు. అథారిటీ మొదటి అధిపతి 2023లో వెళ్ళిపోయారు. అయిదేళ్ళ ప్రణాళిక ముసాయిదా వెయ్యి కోట్ల డాలర్లకి పైగా అవుతుందనేసరికి అందరూ నోరెళ్ళబెట్టారు. సేవాసంస్థలకి బిల్లులు ఆలస్యమయ్యాయి. చిన్న సంస్థకి రెండు నెలలు బిల్లు రాకపోతే రాత్రి డ్యూటీ వాళ్ళ జీతం ఆగుతుంది, వాళ్ళు మానేస్తే మంచాలు ఖాళీగా ఉంటాయి. లాస్ ఏంజెలెస్‌లో 1993లో సిటీ, కౌంటీ కలిసి పెట్టుకున్న ఇలాంటి సంస్థ నుంచే కౌంటీ తన వాటా, ఏటా 30 కోట్ల డాలర్లకి పైగా, వెనక్కి తీసుకోవాలని 2025 ఏప్రిల్‌లో ఓటు వేసింది.

కాబట్టి సంస్థలు వద్దా? కావాలి. హ్యూస్టన్‌లో సిటీ, కౌంటీ, హౌసింగ్ అధికారులు, పదుల కొద్దీ సేవాసంస్థలు ఒకే ప్రణాళిక కింద పనిచేసి 2012 నుంచి 25 వేల మందికి పైగా ఇళ్ళలో పెట్టాయి. అక్కడ అద్దెలు తక్కువ, అదీ కలిసొచ్చింది. కానీ ముఖ్యమైంది ఇంకొకటి. ఎవరి డబ్బు దేనికి అని ముందే తేల్చుకున్నారు. అద్దె ఒకరు, కేస్ మేనేజర్ జీతం ఒకరు, సామాన్లు, డిపాజిట్ ఇంకొకరు. ఒప్పందంలో పేర్లు, మొత్తాలు ఉండాలి. అవి లేకుండా పెద్ద పేరుతో పెట్టిన ఆఫీసు చివరికి తిట్లు తినడానికే మిగులుతుంది.

ఇలాంటి పంపకం మన పిల్లల బడుల్లో ఎప్పటినుంచో ఉంది, మనం గమనించం. మకిన్నీ–వెంటో చట్టం ప్రకారం ఇల్లు పోయిన పిల్లవాడికి తన పాత బడిలోనే చదువుకునే హక్కుంది. కుటుంబం కెంట్‌లో ఎక్కడో తల దాచుకున్నా, పిల్లవాణ్ణి పొద్దున్నే బెల్‌వ్యూ బడికి తీసుకురావాల్సిందే. ఖర్చు ఎవరిదన్న దానిమీద రెండు స్కూల్ డిస్ట్రిక్టులకి పొత్తు కుదరకపోతే సగం సగం కట్టాలని చట్టమే రాసింది. వాదన తేలేదాకా పిల్లవాడు ఇంట్లో కూర్చోడు. షెల్టర్ల విషయంలో ఊళ్ళకి ఇంత సూటి నియమం లేదు. 2021లో రాష్ట్రం, హోటళ్ళకి అనుమతి ఉన్నచోట షెల్టర్లని నిషేధించకూడదని చట్టం చేసింది. ప్రతి ఊరూ 2044 నాటికి ఇంతమందికి చోటు ఉండేలా ప్రణాళిక వేసుకోవాలని అంకెలు కూడా వచ్చాయి. చోటు చూపించమంది, డబ్బు పంచుకోమని చెప్పలేదు. ఆ సగం సగం నియమం ఊళ్ళకీ రావాలని నా గట్టి అభిప్రాయం.

"ముందు లెక్క తేలనివ్వండి, తర్వాత చూద్దాం" అనేవాళ్ళకి రెండు ముక్కలు. ఇళ్ళులేనివాళ్ళ లెక్క ఒక్క రాత్రిది. అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. తక్కువ లెక్కకే చాలినన్ని మంచాలు లేవు కదా.

చివరగా మనం మనకే ఇచ్చుకునే సలహా. "మన గుళ్ళో అన్నదానం చేస్తున్నాం, ఫుడ్ బ్యాంక్‌కి బియ్యం ఇస్తున్నాం, మన వంతు అయిపోయింది." అన్నదానం గొప్ప పని. ఆపకండి. కానీ ఈ ఊళ్ళలో కొరత తిండికంటే చోటుకి ఎక్కువ. ఆ చోటు మన గుళ్ళ దగ్గరే ఉంది. 2004 మేలో బోతెల్‌లో ఒక కేథలిక్ చర్చి తన స్థలంలో టెంట్ సిటీ ఫోర్‌కి చోటిచ్చింది. అప్పటినుంచి ఆ శిబిరం కొన్ని నెలలకోసారి చర్చినుంచి చర్చికి, ఊరినుంచి ఊరికి మారుతూ వచ్చింది. కిర్క్‌లాండ్‌లో ఒక మెథడిస్ట్ చర్చి 2011 నుంచి రాత్రిపూట తన పార్కింగ్ స్థలంలో, కార్లలో ఉండే ఆడవాళ్ళనీ కుటుంబాలనీ ఉండనిస్తోంది. దానికి కావాల్సింది ఒక బాత్‌రూమ్, కరెంటు ప్లగ్గు, ఫోన్ ఎత్తే మనిషి. మత సంస్థలు తమ స్థలంలో ఇళ్ళులేనివాళ్ళకి చోటిస్తే ఊళ్ళు అడ్డుపడకూడదని రాష్ట్రం 2010లోనే చట్టం చేసింది, 2020లో దాన్ని ఇంకా విస్తరించి కార్లలో ఉండేవాళ్ళనీ చేర్చింది. ఆ చట్టం చర్చికి ఎంత వర్తిస్తుందో గుడికీ అంతే వర్తిస్తుంది. పండగరోజు తప్ప రాత్రి తొమ్మిది తర్వాత మన గుళ్ళ పార్కింగ్ స్థలాలు ఖాళీగానే ఉంటాయి. ట్రస్టీలని అడగండి, మొదట అయిదు కార్లకి.

ఇక కౌన్సిల్ సంగతి. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, కిర్క్‌లాండ్, సమామిష్ ఊళ్ళు రెండేళ్ళ బడ్జెట్ వేస్తాయి. సరి సంవత్సరాల్లో, డిసెంబర్‌లోపు ఓటు వేస్తారు. అంతకుముందే హియరింగ్‌లు ఉంటాయి. వద్దనడానికి కాకుండా ఈసారి ఇవి అడగడానికి వెళ్ళండి: ఉమ్మడి నిధిలో మన ఊరి వాటా ఎంత, పక్క ఊరి వాటా ఎంత, మన ఊరు తీసుకున్న వంతు ఏది, అది ఎప్పటికి తెరుస్తారు. మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు, సిటిజన్‌షిప్ అక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు కూడా పేరు రాయించుకుని మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకునే ఊళ్ళలో గడువు చాలాసార్లు సమావేశం రోజు మధ్యాహ్నంతోనే అయిపోతుంది. ముందురోజే రాయించుకోండి.